పిల్లలకు ఇళయరాజా: అమలాపురంలో ఓ వేసవి క్లాసు ఎలా ఉందంటే

అమలాపురంలో కాలవగట్టు పక్కనున్న ఓ సంగీత పాఠశాల వేసవి సెలవుల్లో పిల్లల కోసం ఇళయరాజా పాటల మీద ప్రత్యేకంగా ఒక క్లాసు నడిపింది. మొత్తం 12 తరగతులు, ఒక్కోటి గంటన్నర, వారానికి మూడు. ఫీజు 1,800 రూపాయలు. 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకు. కర్ణాటక సంగీతంలో గీతాల (సాహిత్యంతో పాడే తొలి చిన్న పాటల) దాకా వచ్చినవాళ్లనే తీసుకుంటామన్నారు గానీ, ఇంకా సరళీ స్వరాల్లో, అంటే సరిగమల మొదటి పాఠాల్లో ఉన్నవాళ్లనీ చేర్చేసుకున్నారు. దాని ఫలితం మూడో వారంలో బయటపడింది.

ముందు మంచి చెప్పుకోవాలి. సెలవుల్లో సినిమా పాటల క్లాసంటే నాలుగు పల్లవులు నేర్పడం, చివర్రోజున కరావోకె పెట్టి పాడించి వీడియో తియ్యడం. ఇక్కడ మొదటి రెండు తరగతుల్లో ఎవరిచేతా పాడించలేదు. వినడమే పని. మొదట తీసుకున్నది 'సితార'లోని 'వెన్నెల్లో గోదారి అందం'. ఎంపిక బాగుంది. పసలపూడి వంశీ తీసిన సినిమా, ఊళ్లో పెద్దవాళ్లందరికీ వచ్చిన పాట, 1984కి ఎస్.జానకికి జాతీయ పురస్కారం తెచ్చిన పాట. ఇంటికెళ్లి అడిగితే అమ్మమ్మో తాతయ్యో ఓ చరణమైనా పాడి వినిపిస్తారు.

పిల్లలకు మూడు గళ్ల కాగితం ఇచ్చారు: గొంతు, తీగ వాయిద్యాలు, బేస్ (పాట అడుగున మోగే లోతైన స్వరాలు). పాట నాలుగుసార్లు వేశారు. మొదటిసారి గొంతు ఎక్కడ ఆగుతోందో గీత పెట్టాలి. రెండోసారి ఆ ఆగిన చోట ఏ వాయిద్యం వస్తోందో రాయాలి. మూడోసారి బేస్ ఒక్కటే పట్టుకోవాలి. నాలుగోసారి మొదటి చరణం ముందు వచ్చే బీజీఎం, రెండో చరణం ముందు వచ్చేదీ ఒకటేనా కాదా చెప్పాలి. ఇళయరాజా దగ్గర చాలా పాటల్లో ఆ రెండూ వేరువేరుగా ఉంటాయి. పాటంటే పాడేవాళ్ల వరస మాత్రమే అనుకునే పిల్లలకు ఈ నాలుగో ప్రశ్నతో ఆయన పనితనం తెలుస్తుంది. రాగాల పేర్లు తర్వాతైనా చెప్పుకోవచ్చు.

అయితే బేస్ గడి చాలామంది కాగితాల్లో ఖాళీగానే మిగిలింది. తప్పు పిల్లలది కాదు. పాటలు వేసింది అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ మీద. బేస్ గిటారులో అన్నిటికంటే లావు తీగ పలికేది 41 హెర్ట్జ్ దగ్గర. అంత చిన్న స్పీకర్ దాన్ని పలికించలేదు, దాని పైన పుట్టే సన్న స్వరాలు మాత్రమే వినిపిస్తాయి. తర్వాత వైరుతో పనిచేసే పెద్ద స్పీకర్ తెచ్చాక సగంమంది తేలిగ్గానే పట్టుకున్నారు. ఇంట్లో సాధన చేయించే తల్లిదండ్రులు కూడా ఫోన్ స్పీకర్ వాడొద్దు. సాదా వైరు ఇయర్‌ఫోన్స్ చాలు, కాకపోతే ఒక జత ఒక్కరికే. అన్నాచెల్లెళ్లు చెరో చెవికి పెట్టుకుంటే కుడివైపు వాయిద్యాలు ఒకళ్లకి, ఎడమవైపువి ఇంకొకళ్లకి వినిపిస్తాయి. ఇద్దరూ దెబ్బలాడుకుంటారు, ఇద్దరూ కరెక్టే.

రెండో వారంలో 'సాగర సంగమం' నుంచి 'ఓం నమశ్శివాయ' తీసుకుని హిందోళం రాగం చెప్పారు. మొత్తం క్లాసులో ఇదే మేలైన భాగం. హిందోళంలో రిషభం (రి), పంచమం (ప) ఉండవు. షడ్జంతో (స) పాటు ఉండేవి సాధారణ గాంధారం (గ), శుద్ధ మధ్యమం (మ), శుద్ధ ధైవతం (ద), కైశికి నిషాదం (ని). ఇవి నోటితో చెబితే పిల్లలకు బుర్రకెక్కవు. మాస్టారు చేసిన ఉపాయం ఏమిటంటే, కీబోర్డు మీద ఆరున్నర శృతి (A#) నల్ల కీని షడ్జం అనుకుని పైకి వరుసగా నల్ల కీలే నొక్కమన్నారు. తెల్ల కీ ఒక్కటి కూడా ముట్టకుండా హిందోళం వచ్చేస్తుంది. అదే నల్ల కీలని నాలుగున్నర (F#) నుంచి మొదలుపెడితే మోహనం అనే రాగం. కొందరు పిల్లలు ఇది వాళ్లంతట వాళ్లే కనిపెట్టారు, మాస్టారు వాళ్లని ఆపకుండా ఓ పది నిమిషాలు వదిలేశారు. మంచి పని చేశారు.

ఆరున్నరలో పాడటం కొందరు పిల్లలకు ఎత్తవుతుంది. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ (శృతి మొత్తాన్ని పైకీ కిందకీ జరిపే సౌకర్యం) మైనస్ రెండు పెడితే వేళ్లు నల్ల కీల మీదే ఉంటాయి, శృతి ఐదున్నరకు దిగుతుంది. ఇది చెప్పారు. చెప్పనిది ఇంకోటుంది: ఇంట్లో యూట్యూబ్‌లో పాట పెట్టుకుని కలిపి వాయిస్తే చాలాసార్లు కలవదు. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన కాపీల్లో వేగం అటూఇటూ అయి శృతి జరిగిపోయి ఉంటుంది. పిల్లలు తమదే తప్పనుకుని మానేస్తారు. కీబోర్డు మెనూలో ట్యూనింగ్ అని వేరే ఉంటుంది, 440 హెర్ట్జ్ నుంచి కొంచెం పైకీ కిందకీ జరపొచ్చు. అది చూపించడానికి రెండు నిమిషాలు చాలు.

ఇదే పాఠంలో ఒక పొరపాటు మాత్రం చెవికి బాగా గుచ్చుకుంది. వెనక ఆగకుండా శృతి మోగించే తంబురా యాప్‌ని ఎప్పటిలాగే పంచమం, షడ్జం (ప-స) మోగేలా వదిలేశారు. పంచమమే లేని రాగానికి వెనక పంచమం మోగుతూ ఉంటే పిల్లల మధ్యమం మెల్లగా పైకి జారుతుంది, శుద్ధ ధైవతం ఎక్కడ ఉండాలో తెలియదు. యాప్‌లో పంచమం బదులు మధ్యమం ఎంచుకోవాలి, అంతే. కచేరీల్లోనూ ఇలాంటి రాగాలకు తంబురాని మధ్యమానికి శృతి చేస్తారు. సంగీత పాఠశాలలో ఇది జరగకూడదు.

గమకాల (స్వరాన్ని ఊపుతూ పలికించడం) సంగతి నిజాయితీగానే చెప్పారు. కీబోర్డు మీద గాంధారం, నిషాదం బండగా నిలబడిపోతాయి, పాట అస్థిపంజరమే వస్తుంది అని చెప్పి, వెంటనే త్యాగరాజు 'సామజవరగమన' గొంతుతో పాడి వినిపించారు. అప్పటికే కృతులు నేర్చుకుంటున్న ఇద్దరు ముగ్గురు పిల్లలు రెండూ ఒకే రాగమని అక్కడికక్కడే గుర్తుపట్టారు.

మూడో వారం కల్యాణి రాగం. 'సింధుభైరవి' తమిళంలో ఏసుదాస్ పాడిన 'కలైవాణియే' పాటలో స్వరాలన్నీ ఆరోహణలోనే, అంటే పైకి ఎక్కుతూనే నడుస్తాయి. దిగడానికి అవరోహణ లేదు, కిందకు గెంతి మళ్లీ ఎక్కడమే. పిల్లలు అరచెయ్యి పైకెత్తుకుంటూ వినాలి, గొంతు కిందకు దూకిన చోట చప్పట్లు కొట్టాలి. ఆట బ్రహ్మాండం. కానీ సరళీ స్వరాల పిల్లలకు అవరోహణ అంటేనే ఇంకా అలవాటు కాలేదు, అది లేకపోవడంలో వింతేముందో వాళ్లకు తెలియలేదు. చప్పట్లు పక్కవాళ్లని చూసి కొట్టారు. వాళ్లకు ముందు కల్యాణి ఎక్కుతూ దిగుతూ ఓ పదిసార్లు పాడించి ఉంటే సరిపోయేది. ఇంకో చిక్కు, కీబోర్డు మీద ఒకటో శృతిలో (C) వాయించేవాళ్లు కల్యాణికి కావలసిన నల్ల కీ మధ్యమం బదులు అలవాటుకొద్దీ తెల్ల కీ మధ్యమం నొక్కి శంకరాభరణం అనే వేరే రాగం చేసేశారు. ప్రతి మధ్యమం మీద పెన్సిల్‌తో చుక్క పెట్టిస్తే ఈ తప్పు రాదు.

పాశ్చాత్య సంగీతకర్త బాఖ్ మీద పెట్టిన తరగతి తేలిపోయింది. 1986లో వచ్చిన 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్‌ని ఇళయరాజా త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చారు, వయొలిన్ వి.ఎస్.నరసింహన్. అందులో 'ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్' వేసి, విని ఏమనిపించిందో చెప్పమన్నారు. ఏమనిపిస్తుంది? బాఖ్ ఎవరో తెలియదు, అందులో ఆయనదేదో, ఇళయరాజాది ఏదో తెలియదు. ముందు బాఖ్ వయొలిన్ మూడో పార్టిటా (కొన్ని భాగాలుండే వాయిద్య రచన)లోని ప్రెల్యూడ్ (మొదటి భాగం) విడిగా వినిపించాలి. ఒకే వయొలిన్, నాలుగు నిమిషాల లోపే. రెండుసార్లు విన్నాక ఆల్బమ్‌లోది వేస్తే, తెలిసిన వరస వస్తూ ఉండగా చుట్టూ కొత్తగా ఏం చేరిందో పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు. వినిపించే క్రమం మార్చడం ఒక్కటే కావలసిన దిద్దుబాటు.

ఇక సామాను. 32 చిన్న కీలుండే బొమ్మ కీబోర్డు తెచ్చిన పిల్లలు వెనకబడ్డారు. రెండు చేతులకు చోటుండదు, చాలావాటిలో ట్రాన్స్‌పోజూ ఉండదు. 61 కీలది ఉండాలి, కొనలేకపోతే ఇద్దరు పిల్లలకు ఒకటి చాలు. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోవడం మామూలే కాబట్టి బ్యాటరీలతో నడిచేదో కాదో చూసుకోండి. ఉక్కపోత రోజుల్లో చర్మం చెమ్మ పీల్చి మృదంగం శృతి దిగిపోయింది, వయొలిన్ బిరడాలు మొరాయించాయి. తరగతికి పావుగంట ముందే శృతి చేసి పెట్టుకోవాల్సింది పోయి, ప్రతిసారీ క్లాసు మొదలయ్యాకే చేశారు.

ఎనిమిది పేజీల నోట్సు ఇచ్చారు. స్వరాలు తెలుగులో, స్థాయి చుక్కలతో (స్వరం పైదో కిందదో చూపే చుక్కలు) సహా శుభ్రంగా ఉన్నాయి. ఇళయరాజా తన గురువు ధన్‌రాజ్ మాస్టారి దగ్గర నేర్చుకోవడం నుంచి 1976లో మొదటి సినిమా 'అన్నక్కిళి', 2025 మార్చి 8న లండన్‌లో సింఫనీ దాకా జీవిత విశేషాలు రెండు పేజీలు నింపాయి. ఒక పేరా చాలు. ఆ చోటులో బేస్ వరస ఒక్కటి రాసిచ్చి ఉంటే ఎడమచేతికి పని దొరికేది. పక్కనే కొవ్వూరులో పుట్టిన కీరవాణితో మొదలుపెట్టొచ్చుగా అని అడిగిన తల్లిదండ్రులూ ఉన్నారు. తప్పకుండా చెయ్యొచ్చు. ఈ మూడు గళ్ల కాగితం ఆయన పాటలకీ పనికొస్తుంది.

గీతాలు అయిపోయిన పిల్లలకైతే 1,800 దండగ కాదు. సరళీ స్వరాల్లో ఉన్నవాళ్లని ఒక ఏడాది ఆగి పంపండి. దసరా సెలవుల్లో మళ్లీ పెడతామంటున్నారు. చేర్చే ముందు స్పీకర్ మారిందా, బ్యాచ్‌లో ఎంతమంది అని అడగండి. ఈసారి 22 మంది ఉన్నారు, ఒక్క మాస్టారికి 12 మించితే కాగితాలు చూడటానికే టైము సరిపోదు. రావులపాలెం, ముక్కామల వైపు నుంచి బస్సులో వచ్చే పిల్లలకు సాయంత్రం బ్యాచ్ కుదరదు, ఉదయం 9 గంటలది ఉంచమని ముందే చెప్పుకోవాలి.