చెవి మిషన్లతో ఐదేళ్లు

పప్పు, కప్పు, తప్పు. ఏడేళ్ల కిందట ఈ మూడూ నాకు ఒకే మాట. మా ఆవిడ వంటింట్లోంచి ఏదన్నా అడిగితే గొంతు వినపడేది గానీ, మొదటి అక్షరం నా దాకా వచ్చేది కాదు. "వినపడుతోంది, మాటే తెలియడం లేదు" అని చెబితే ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

చీమకుర్తి దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో 19 ఏళ్లు కటింగ్ మిషన్ల మధ్య పనిచేశాను. గెలాక్సీ రాయి మీద బ్లేడు దిగేటప్పుడు పక్కనున్న మనిషి చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. మేం చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లం. దూది ఆ మోతను ఆపలేదు.

రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుని ఇప్పటికి ఐదేళ్లు దాటింది. కొనాలా వద్దా అని మా వైపు చాలామంది అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. ఏ కంపెనీ అన్నదానికంటే ఎవరు టెస్టు చేసి సెట్ చేశారన్నదే ముఖ్యమని నా అనుభవం.

అంతకుముందు ఒకచోట టెస్టు సరిగ్గా చేయకుండానే ఒక చెవికి మిషను అంటగట్టారు. మాట తెలియడం లేదంటే సౌండు పెంచారు. స్టీలు గిన్నె కింద పడితే తలలో దెబ్బ తగిలినట్టుండేది. దవడ కదిపితే కుయ్యిమనేది. మాట మాత్రం ఎప్పటిలాగే. నాలుగు నెలలకు బీరువాలో పెట్టేశాను. ఆ డబ్బు పోయినందుకు కంటే, రెండేళ్లు ఊరికే పోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తర్వాత ఒంగోలులో ఒక ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షించి మిషను సెట్ చేసే నిపుణురాలు) అద్దాల గదిలో కూర్చోబెట్టి ముప్పావుగంట టెస్టు చేశారు. గ్రాఫు చూపించారు. అందులో హెర్ట్జ్ అంకె పెరిగేకొద్దీ శబ్దం కీచుగా ఉన్నట్టు, గీత కిందికి పడితే అక్కడ వినికిడి తగ్గినట్టు. నాకు 250 నుంచి 2000 హెర్ట్జ్ దాకా గీత దాదాపు బాగానే నడిచి, 4000 దగ్గర గుంటలో పడి, 8000 దగ్గర మళ్లీ కాస్త లేచింది. "మిషన్ల మోతలో చాలా ఏళ్లు పనిచేశారు కదా?" అన్నారు, నేనింకా ఏమీ చెప్పకముందే. మోతకు దెబ్బతిన్న చెవి గీత ఎక్కువగా అలాగే ఉంటుందట.

ఆ రోజు ఆ ఆడియాలజిస్టు చెప్పాకే నా చెవి నాకు అర్థమైంది. కర్ణభేరి, దాని వెనక మూడు చిన్న ఎముకలు, ఇవన్నీ నాకు బాగానే ఉన్నాయి. పోయింది అంతకంటే లోపల, నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కోక్లియాలో. చుట్లు విప్పితే దాని పొడవు 35 మిల్లీమీటర్లు, నా చిటికెన వేలంత కూడా లేదు. అందులో ఒక పొర ఉంటుంది. కీచు శబ్దాలకు దాని మొదలు ఊగుతుంది, బొంగురు శబ్దాలకు చివర ఊగుతుంది. దీన్ని కనిపెట్టినందుకే బెకెషీ అనే శాస్త్రవేత్తకు 1961లో నోబెల్ వచ్చింది. ఆ పొర మీద రోమ కణాలు వరసలుగా ఉంటాయి. లోపలి వరసలో సుమారు 3,500. ఇవి మెదడుకు కబురు పంపుతాయి. బయటి మూడు వరసల్లో సుమారు 12,000. చిన్న శబ్దాన్ని పెంచి లోపలి వాటికి అందించడం వీటి పని. మోతకు ముందు పోయేవి ఈ బయటివే. కోళ్లకు ఈ కణాలు పోయినా మళ్లీ మొలుస్తాయి. మనిషికి మొలవవు.

మాటలో గట్టిదనమంతా అచ్చులదే, అవి కింది స్థాయిలో, అంటే తక్కువ హెర్ట్జ్‌లో ఉంటాయి. స, త, చ లాంటివి పైన, నాకు గుంట పడిన చోటే ఉంటాయి. మన తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి సాగదీత, రాగం అన్నీ నాకు వినపడేవి, మాట ఏమిటో మాత్రం జారిపోయేది. పైగా చిన్న శబ్దాన్ని పెంచే కణాలు పోయినా పెద్ద శబ్దం పెద్దగానే తగులుతుంది. మొదటి మిషను అన్నిటినీ ఒకేలా పెంచింది. కొత్తవాటిని నా గ్రాఫు ప్రకారం సెట్ చేశారు: పై స్థాయిలోనే, అదీ చిన్న శబ్దానికి ఎక్కువ, పెద్ద శబ్దానికి తక్కువ.

ఇంటికొచ్చిన రోజు తాలింపులో ఆవాలు చిటపటలాడటం విని వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఎన్నేళ్లయిందో ఆ చప్పుడు విని. కానీ మొదటి మూడు వారాలు కష్టమే. పాలిథీన్ కవరు నలిపితే రేకు చింపినట్టు, నా గొంతు నాకే కుండలోంచి వచ్చినట్టు ఉండేది. తీసేయాలనిపించింది. రోజూ కొంచెం కొంచెం గంటలు పెంచుతూ పెట్టుకోమన్నారు. ఇన్నేళ్లు అందని శబ్దాలను మెదడు మళ్లీ గుర్తుపట్టాలి, దానికి టైం కావాలి. నాకు నాలుగు నెలలు పట్టింది.

రెండు చెవులకూ పెట్టుకోండి, ఈ ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. శబ్దం ఏ పక్కనుంచి వచ్చిందో తెలియాలంటే మెదడు రెండు చెవులనూ పోల్చుకోవాలి. ఒక చెవికీ రెండో చెవికీ మధ్య తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా పట్టేస్తుంది. ఒకే మిషనుతో కర్నూలు రోడ్డు దాటేటప్పుడు హారన్ ఎటునుంచో తెలియక నడిరోడ్డులో ఆగిపోయేవాణ్ణి. ఇప్పుడు తల తిప్పకుండానే తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. కళ్యాణమండపంలో ఇప్పటికీ మాట అందదు. ఎదుటి మనిషి ముఖం చూస్తూ, గోడకు వీపు పెట్టి కూర్చుంటే కొంత నయం. మే నెలలో ఒంగోలు చెమటకు బ్యాటరీ దగ్గర తెల్లగా పొడి పట్టి రెండుసార్లు ఆగిపోయింది. అప్పటినుంచి రాత్రిళ్లు తుడిచి, సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో పెడుతున్నాను, మళ్లీ ఆగలేదు. నావి గోధుమరంగు స్టిక్కరున్న 312 సైజు బ్యాటరీలు, వారం వస్తాయి. స్టిక్కరు పీకగానే మిషనులో వేయొద్దు. అవి గాలితో పనిచేస్తాయి కాబట్టి ఒక నిమిషం బయట ఉంచాలి. సౌండు తగ్గిందని పరుగెత్తేముందు గుబిలి అడ్డుపడిందేమో చూడండి, నాకు చాలాసార్లు అదే. చెవిలో కీచురాళ్ల మోత పోలేదు. మిషను ఉన్నంతసేపు తగ్గుతుంది, పడుకునేటప్పుడు తీస్తే వచ్చేస్తుంది.

ఫ్యాక్టరీలో ఉన్న పిల్లలకు ఒక లెక్క చెబుతున్నాను. 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు హద్దు అంటారు. ప్రతి 3 పెరిగితే ఆ టైం సగానికి పడిపోతుంది. కటింగ్ మిషను పక్కన ఎంత ఉంటుందో ఫోనులో ఒకసారి కొలిచి చూడండి. చెవులు పూర్తిగా మూసే మఫ్స్ అడిగి తీసుకోండి నాయనా.

మా మనవరాలికి రహస్యాలు చెప్పడం ఇష్టం. గుసగుసలో గొంతు ఉండదు, ఉత్త ఊపిరే, నాకు అన్నిటికంటే కష్టం అదే. చెవి రంధ్రం దగ్గర చెబుతుంటే ఏమీ తెలిసేది కాదు. నా మిషనుకు మైకు ఉన్నది చెవి పైన అని ఒకరోజు చూపించాను. ఇప్పుడు తనే వచ్చి, నా జుట్టు పక్కకు జరిపి, చెవి పైన నోరు ఆనించి "తాతా, సున్నుండలు ఎక్కడ దాచారో చెప్పనా" అంటుంది.