చాంబరా, టవరా, సీసానా: పీట్ నేలల మీథేన్‌ను కొలవడానికి ఏది మేలు?

పీట్ అంటే నీటిలో నానుతూ పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన మొక్కల పదార్థం. అలాంటి నేలల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టినవాళ్లకు తొలి టెన్షన్, మీథేన్‌ను దేనితో కొలవాలన్నదే. నేల మీద బోర్లించే చాంబర్ ఒకటి, గాలి సుడులు పైకి మోసుకుపోయే మీథేన్‌ను కొలిచే ఎడ్డీ కోవేరియన్స్ టవర్ ఒకటి, ల్యాబ్‌లో పీట్ నింపిన సీసా ఒకటి.

నీటిమట్టం కింద, ఆక్సిజన్ అందని చోట ఆర్కియా అనే సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. పైపొరలో ఆక్సిజన్ తగిలేసరికి వేరే బ్యాక్టీరియా అందులో చాలా భాగం తినేస్తుంది. బుడగగా ఎగిరిందీ, తుంగజాతి మొక్కల లోపలి గాలిగొట్టాల్లోంచి పోయిందీ మాత్రం చాలావరకు వాటి నోటికి చిక్కవు. కాబట్టి పుట్టిన మీథేన్ లెక్క వేరు, బయటపడిన లెక్క వేరు. మీ ప్రశ్న దేని గురించో ముందు తేల్చుకోండి.

టవర్ సెకనుకు 10, 20 సార్లు కొలిచి అరగంటకో సగటు ఇస్తుంది. నేలను కదపదు, వందల మీటర్ల మేర చూస్తుంది. అయితే నాచు గుట్టనూ నీటి గుంటనూ ఒకే అంకెలో కలిపేస్తుంది. రాత్రి గాలి పడిపోతే ఆ డేటా పారేయాల్సిందే. ఒక్క విద్యార్థి సున్నా నుంచి టవర్ నిలబెట్టడం నా దృష్టిలో తెలివితక్కువ పని. కెనడాలో ఒటావా దగ్గరి మేర్ బ్లూ అనే పీట్ నేలలా 1998 నుంచి టవర్ కొలతలు ఉన్నచోట సీటొస్తే మాత్రం వదలొద్దు.

చాంబర్ చవక, కానీ ఒళ్లు హూనమవుతుంది. ముందే నేలలోకి దింపిన కాలర్ (చాంబర్ కూర్చునే చట్రం) మీద మూత బిగించి, కొన్ని నిమిషాలకోసారి సిరంజితో గాలి లాగాలి. మొదటి సిరంజిలోనే అంకె ఎగబాకిందంటే అనుమానించండి: అది పీట్ వదిలింది కాదు, మీ కాలి కింద నలిగిన బుడగ కావచ్చు. అందుకే చెక్కబాట మీంచే పని చేస్తారు.

సీసాలో నైట్రోజన్ నింపి ఆక్సిజన్ వెళ్లగొడితే ఏ లోతు పీట్ ఎంత మీథేన్ ఇస్తుందో విడిగా తెలుస్తుంది. వేర్లు లేని ఆ అంకెను హెక్టార్లకు గుణించడం మాత్రం తప్పు.

మిన్నెసోటాలోని స్ప్రూస్ ప్రయోగంలో 2014లో లోతు పీట్‌ను వేడిచేశారు. పైన మీథేన్ పెరిగింది. ఆ కొలత ఒక్కటే ఉంటే, లోతులోని వేల ఏళ్ల పాత కార్బన్ లేచిపోతోందని రాసేవారేమో! సీసాల్లో చూస్తే వేడికి స్పందించింది పైపొర పీటే. కార్బన్ వయసు చెప్పే రేడియోకార్బన్ పరీక్ష కూడా కొత్త కార్బన్‌నే చూపించింది.

అందుకే నా ఓటు చాంబర్, సీసా జంటకే. కాలర్లు దింపిన రోజే కొలతలు మొదలుపెట్టకండి. తెగిన వేర్లు కొన్నాళ్లు లెక్క చెడగొడతాయి.