చిత్తూరు యువకుడికి చెన్నై వేషమా, బెంగళూరు వేషమా?

చిత్తూరు నుంచి చెన్నైకీ బెంగళూరుకూ దూరం 200 కిలోమీటర్ల లోపే కనుక, ఇక్కడ డిగ్రీ ముగించినవారికి ఊరు విడవాలా వద్దా అన్నదానికంటే ఏ బస్సు ఎక్కాలన్నదే పెద్ద ప్రశ్న.

బెంగళూరు వేషం, అంటే ఆ నగరవాసిలా కనిపించాలన్న మోజు, త్వరగా అంటుకుంటుంది. అక్కడ తెలుగుతో చాలావరకు నెట్టుకురావచ్చు. ఇందిరానగర్‌లో చక్కెర లేని కాఫీని ముఖం చిట్లించకుండా తాగడం, ఆదివారం తెల్లవారకముందే నంది హిల్స్‌కు వెళ్లి సూర్యోదయాన్ని ఫొటో తీయడం, ‘ఉండాది’ అనే నోటితోనే వాక్యానికి నాలుగు ఇంగ్లీషు మాటలు దొర్లించడం ఆరు నెలల్లో అబ్బుతాయి. సంక్రాంతికి ఇంటికొచ్చి రాగిసంగటి ముందు కూర్చోగానే సగం రాలిపోతాయి కూడా.

చెన్నై వేషానికి సాధన కావాలి. 1953 దాకా చిత్తూరు మద్రాసు రాష్ట్రంలోనిదే కాబట్టి అరవం మనకు పరాయిది కాదు గానీ, మార్గళి మాసపు (డిసెంబరు-జనవరి) కర్ణాటక సంగీత కచేరీల వేళ మ్యూజిక్ అకాడమీలో కూర్చుని, తొడమీద తాళం తప్పకుండా వేస్తూ, రాగం పేరు పక్కవారి చెవిలో సరిగ్గా చెప్పగలగడం ఒక్క ఏడాదిలో వచ్చే విద్య కాదు. సాఫ్ట్‌వేర్ కొలువే గురి అయితే బెంగళూరే మేలు. వేషం కొన్నాళ్లకు నిజమైన అభిరుచిగా మారే వీలు మాత్రం చెన్నైలోనే ఎక్కువని నా అభిప్రాయం. విచిత్రమేమిటంటే, అక్కడ మన చిత్తూరు యువకుడు తన్మయత్వం నటిస్తూ వినే త్యాగరాజ కృతులూ అన్నమయ్య పదాలూ ఎక్కువగా తెలుగువే. చిత్తూరులో ఉన్నన్నాళ్లూ అతడు చెవిన పెట్టనివే.