వేలి ఇన్ఫెక్షన్‌కు అనంతపురంలో సరైన చోటు, కానీ ఫిజియో టైమింగే ఇబ్బంది (4 స్టార్లు)

నార్పల దగ్గర చీనీ తోటలో కొమ్మలు కత్తిరిస్తుంటే మా మామకు ఉంగరపు వేలికి, అరచేతి వైపు, ముల్లు దిగింది. వేలు వాచేసరికి ఊళ్లో అందరూ గోరుచుట్టే అన్నారు, అత్త నిమ్మకాయకు బెజ్జం పెట్టి తొడిగింది. గోరుచుట్టయితే గోరు పక్కనే వాస్తుంది కదా, ఈయనకు మొదలు నుంచి కొస దాకా వేలంతా ఉబ్బిపోయింది. పైగా షుగర్ మనిషి.

ఈ ఆసుపత్రి క్యాజువాలిటీలో డాక్టరమ్మ చూసిన తీరుకే నా స్టార్లన్నీ. పెన్ను మూతతో వేలి వెనక నొక్కారు, మామ పెద్దగా కదల్లేదు. అరచేతి వైపు, వేలిని ముడిచే నరం (టెండన్) పొడవునా నొక్కుతూ వస్తే "అబ్బా" అన్నారు. "పెద్దాయనా, కొంచెం ఓర్చుకో" అంటూ కొసను కాస్త పైకి లేపారో లేదో, ఆయన స్టూల్ మీద నుంచి లేచిపోయారు. వేలంతా వాపు, కొంచెం వంగే ఉండటం, నరం వెంబడి నొప్పి, చాపితే ప్రాణం పోవడం: ఈ నాలుగూ షికాగో సర్జన్ కనావెల్ ఎప్పుడో వందేళ్ల కింద చెప్పిన గుర్తులట. సైకిల్ బ్రేకు వైరులా నరం ఒక గొట్టంలో కదులుతుందని, అందులో చీము పడితే ఒత్తిడికి రక్తం అందక నరమే చచ్చిపోతుందని, అప్పుడు వేలు ఇక ముడవదని ఓపిగ్గా చెప్పారు. మొదటి రోజే వస్తే కొందరికి రక్తనాళంలోకి ఎక్కించే యాంటీబయాటిక్స్‌తో, చెయ్యి పైకెత్తి పెట్టి, కట్టు కట్టి తగ్గించొచ్చట. మామకు ఆ టైము దాటిపోయింది. బొటనవేలు, చిటికెన వేలు అయితే ఇంకా జాగ్రత్త, వాటి చీము మణికట్టు దాకా పాకుతుంది.

ఆ రాత్రే ఆపరేషన్. చేతికి మాత్రమే మత్తిచ్చి, అరచేతిలో ఒకటి, వేలి కొస దగ్గర ఒకటి చిన్న గాట్లు పెట్టి, సన్న ట్యూబుతో సెలైన్ పంపి లోపలంతా కడిగారు. చీములో ఏ క్రిమి ఉందో చూసే కల్చర్ పరీక్షకు పంపి, రిపోర్టు వచ్చాక మందు మార్చారు. షుగర్ రోజూ చూశారు. నొప్పి తగ్గగానే వేలు ఆడించమన్నారు, లేకపోతే బిగుసుకుపోతుందట. ఇప్పుడు కత్తెర పట్టుకుంటున్నారు, పిడికిలి మాత్రం పూర్తిగా బిగించలేరు.

ఒక స్టార్ తగ్గించింది ఫిజియోకే. ఉదయం మాత్రమే తెరుస్తారు, పల్లె నుంచి బస్సులో వచ్చేసరికి మూసేస్తున్నారు. అందరికంటే దూరం నుంచి వచ్చేవాళ్లకే ఆ వ్యాయామాలు తప్పిపోతున్నాయి, దయచేసి సాయంత్రం కూడా ఒక గంట పెట్టండి.