ఓరుగల్లు ఎండకు, దుమ్ముకు ఏ ఇంటేక్?

ఇంజిన్‌కు బయటి చల్లగాలి అందించే పైపు, ఫిల్టర్ల అమరికే కోల్డ్ ఎయిర్ ఇంటేక్. ఆ పేరుతో దొరికే చవక కిట్లలో చాలావాటికి చల్లగాలితో సంబంధమే లేదు. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ బాక్సు పీకేసి, అల్యూమినియం పైపు చివర కోన్ ఫిల్టర్ (శంకువు ఆకారపు ఫిల్టర్) తొడిగి, ఇంజిన్ పక్కనే వదిలేస్తారు. పైన పటారం, లోన లొటారం.

మే నెలలో హన్మకొండలో బయట 43 డిగ్రీలున్నప్పుడు ట్రాఫిక్‌లో ఆగిన కారు బానెట్ కింద గాలి 70కి చేరిందనుకోండి. ఆ గాలి సుమారు 8 శాతం పలచబడుతుంది, పీల్చే ఆక్సిజన్ కూడా అంతే తగ్గుతుంది. టర్బో కారులో ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన గాలిని చల్లబరిచేది) కొంత కాపాడుతుంది, టర్బో లేని ఇంజిన్‌కు ఆ దిక్కు కూడా లేదు. పెరిగేది శబ్దం. బండికి ఊపొచ్చిందని చాలామంది మురిసిపోయేది దాన్ని చూసే.

పోలో జీటీ, ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి కార్లకు కొనదగ్గది మూత ఉన్న బాక్సు కిట్. మూత చుట్టూ రబ్బరు సీలు ఉండాలి, బాక్సు మూతి ముందు గ్రిల్ నుంచి వచ్చే గాలిదారికి సరిగ్గా కూర్చోవాలి. ఒక పక్క తెరిచి ఉన్న హీట్ షీల్డ్ (వేడిని ఆపే రేకు)తో సగం పనే. కార్బన్ ఫైబర్ మెరుపుకు అదనంగా పెట్టే డబ్బు కంటికే తప్ప ఇంజిన్‌కు కాదు. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ చేయించే ఆలోచన లేకపోతే కిట్టే అక్కర్లేదు. పాత బాక్సులోనే పట్టే ప్యానెల్ ఫిల్టర్ చాలు, తేడా కూడా పెద్దగా ఆశించొద్దు.

కారులో మాఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) ఉంటే అది కూర్చునే పైపు లోపలి వ్యాసం పాతదానికి సమానంగా ఉందో లేదో కొలవండి. పైపు వెడల్పయితే గాలి వేగం తగ్గి, సెన్సర్ తక్కువ గాలి వచ్చినట్టు చెబుతుంది. ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది. కారు కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఆ లోటు పూడ్చడానికి ఈసీయూ అదనంగా కలిపే పెట్రోలు) ప్లస్ 10 శాతం దాటితే అనుమానించాల్సిందే. గాలికి తగ్గ పెట్రోలు లేదని చెప్పే పీ0171 కోడ్ పడ్డా అంతే. క్లాంపు వదులై, లేదా బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇంటేక్ పైపులోకి పంపేది) సరిగా ఎక్కక, సెన్సర్ దాటాక గాలి లీకైనా ఇదే లక్షణం. పైపు మార్చేముందు ఆ రెండూ చూడండి.

దుమ్ము సంగతి వేరే. పత్తి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ వైపు గాలిలో నూగు తేలుతుంది, గ్రిల్ దగ్గరి జాలికి పొరలా అంటుకుంటుంది. భూపాలపల్లి దారిలో బొగ్గు లారీలు, కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలు. తయారీదారు చెప్పే శుభ్రం చేసే గడువు ఇక్కడి రోడ్లకు సరిపోదు, ప్రతి 5,000 కిలోమీటర్లకు ఒకసారి తీసి చూడాలి. నూనె పట్టించే కాటన్ ఫిల్టర్ అయితే క్లీనర్ కొట్టి 10 నిమిషాలు ఆగి, శుభ్రంగా ఉన్న లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు సన్నగా పోయాలి. కంప్రెసర్ గాలి కొడితే బట్ట చిరుగుతుంది. నీడలో పూర్తిగా ఆరాకే నూనె, అదీ పలచగా. ఎక్కువైతే మాఫ్ తీగకు అంటి రీడింగ్ చెడుతుంది. ఈ తంటా వద్దనుకుంటే డ్రై ఫిల్టర్ తీసుకోండి.

ఫిల్టర్‌ను బంపర్ కిందికి దించే పొడవు పైపు కిట్లు మాత్రం ఈ ఊరికి వద్దు. అన్నిటికంటే చల్లగాలి పీల్చేవి అవే, కాదనలేం. కానీ వానకాలం నాలాలు పొంగి హంటర్ రోడ్ వైపు నీళ్లు నిలిచిన రోజున ఫిల్టర్ మునిగితే సిలిండర్‌లోకి నీళ్లే వెళ్తాయి. నీళ్లు గాలిలా కుదించుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ విప్పక తప్పదు.

బిగించాక 1,000 కిలోమీటర్లకు ఫిల్టర్ తీసి, దాని వెనక పైపు లోపల తెల్ల గుడ్డతో తుడవండి. మట్టి అంటితే ఫిల్టర్ అంచు సరిగా కూర్చోలేదన్నమాట. మళ్లీ బిగించి చూడండి. అప్పటికీ అంటితే కిట్ వెనక్కిచ్చి పాత పేపర్ ఫిల్టర్ పెట్టేయండి.