రిచీ స్ట్రీట్ అబ్బాయికి నాలుగున్నర స్టార్లు, యాంటీవైరస్‌కి రెండే

చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర మాది బట్టల హోల్‌సేల్ ఆఫీసు. నాలుగు కంప్యూటర్లున్నాయి, లెక్కలు రాసుకునే టాలీ సాఫ్ట్‌వేర్ డేటా మూలనున్న ఒక్కదాంట్లోనే ఉంటుంది, మిగతా మూడూ నెట్‌వర్క్‌లో దాన్నే తెరుస్తాయి. మార్చిలో డబ్బులు కట్టి ఒక యాంటీవైరస్‌లో అన్నీ కలిపిన పెద్ద ప్యాక్ వేయించాం. పేరు రాయను, ఎందుకంటే సెట్టింగులు చూడకుండా నెక్స్ట్ నెక్స్ట్ కొట్టింది మేమే, సగం పాపం మాదే.

వేయించిన వారానికే గోల మొదలైంది. టాలీలో వోచర్ కొట్టి కంట్రోల్ ఏ నొక్కి, లేచి మంచినీళ్లు తాగి వచ్చేసరికి గానీ సేవ్ అయ్యేది కాదు. మెయిల్ చూసే అవుట్‌లుక్ అయితే లోడింగ్ ప్రొఫైల్ అని చూపిస్తూ అక్కడే కూర్చునేది. పొద్దున పదింటికి మరీ ఘోరం. 11వ తారీఖు, జీఎస్‌టీఆర్-1 అనే అమ్మకాల రిటర్న్ వేయాల్సిన రోజు, నా టెన్షన్ చూసి మా ఓనర్ గారు "సిస్టమ్స్ పాతబడ్డాయమ్మా" అని ఇంకో 8 జీబీ ర్యామ్ కొనిపించారు. రవ్వంత కూడా తేడా లేదు. కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ ఒకటే మంత్రం, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండని.

చివరికి కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో మేం కార్ట్రిడ్జ్‌లు కొనే షాపువాళ్లు ఒకబ్బాయిని పంపారు. సూళ్లూరుపేట అబ్బాయి, రోజూ లోకల్ ట్రైన్‌లో వచ్చిపోతాడు. రమ్మన్న రోజు కాకుండా మర్నాడు వచ్చాడు, అర స్టారు కోసింది అందుకే.

వచ్చీ రాగానే ఏదీ తీసేయలేదు, అదే నాకు నచ్చింది. టాలీ ఉన్న సిస్టమ్‌లో టాస్క్ మేనేజర్ తెరిచాడు, డిస్క్ 100 శాతం దగ్గర ఎర్రగా ఉంది. అక్కడ్నుంచి, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలుని ముట్టుకుంటోందో చూపించే రిసోర్స్ మానిటర్‌లోకి వెళ్లి, నన్ను పిలిచి, వేలు పెట్టి చూపించాడు: "అక్కా, ఈ అంకెల ఫోల్డర్ మీ కంపెనీ డేటాయే కదా, దీన్ని టాలీ ఒకసారి ముట్టుకుంటే పక్కనే యాంటీవైరస్ కూడా ముట్టుకుంటోంది చూడండి." నిజమే, ఒకే ఫైలు పేరు రెండు వరుసల్లో. పైగా నెట్‌వర్క్ డ్రైవ్‌లు కూడా స్కాన్ చేయమని టిక్ పెట్టి ఉండటంతో అదే ఫైలుని ఇక్కడొకసారి, నేను తెరిచిన సిస్టమ్‌లో ఒకసారి తనిఖీ చేస్తోంది. గుమ్మం దగ్గర ఒకరు, వంటింటి దగ్గర ఇంకొకరు సంచీ వెతికినట్టు. ర్యామ్ ఎంత పోస్తే మాత్రం ఏం లాభం, ఇరుక్కున్నది డిస్క్ దగ్గరైతే.

మోడెమ్ నుంచి ఇంటర్నెట్ వైరు పీకేసి, పది నిమిషాలు యాంటీవైరస్ ఆఫ్ చేసి, వోచర్ కొట్టమన్నాడు. టక్కున సేవ్ అయింది. అయితే ఆఫ్ చేసి చూసినప్పుడు తేడా రాకపోయినా అది నిర్దోషి అనుకోకూడదట, ఆఫ్‌లో ఉన్నా దాని డ్రైవర్, అంటే లోపల పనిచేసే భాగం, విండోస్‌లో కూర్చునే ఉంటుందట. తర్వాత టాలీ డేటా ఫోల్డర్ ఒక్కదాన్నే యాంటీవైరస్ తనిఖీ చేయకుండా మినహాయింపుల్లో పెట్టాడు. డీ డ్రైవ్ మొత్తం పెట్టేయవయ్యా అంటే ససేమిరా అన్నాడు. మినహాయించిన చోట వైరస్ దూరినా అది చూడదు, కాబట్టి రోజూ బయటి హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీసి వైరు పీకి బీరువాలో పెట్టమన్నాడు. పెడుతున్నాం.

పదింటి ఘోరం సంగతి వింటే నవ్వొస్తుంది. ఫుల్ స్కాన్ రాత్రి రెండింటికి పెట్టి ఉంది, మేమేమో ఏడింటికే అన్నీ ఆపేసి వెళ్తాం. రాత్రి తప్పిన స్కాన్‌ని పొద్దున ఆన్ చేయగానే పట్టుకునేది. దాన్ని శనివారం భోజనాల టైముకి మార్చాడు. అవుట్‌లుక్‌ని యాడ్-ఇన్‌లు (దానికి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) లేకుండా సేఫ్ మోడ్‌లో తెరిస్తే వెంటనే తెరుచుకుంది, అంటే యాడ్-ఇన్ పని. ఆప్షన్స్‌లో యాంటీవైరస్ వాళ్ల మెయిల్ యాడ్-ఇన్‌కి టిక్ తీసేశాడు. నా సిస్టమ్‌లో ఇంకో కంపెనీ ట్రయల్ యాంటీవైరస్ సగం ఊడి సగం మిగిలి ఉంటే, ఆ కంపెనీ రిమూవల్ టూల్‌తోనే ఊడబెరికాడు. రెండు గంటలు పట్టింది, 600 తీసుకున్నాడు, కాఫీ మాత్రం రెండుసార్లు.

ఇప్పుడు బాగుంది. ఎక్సెల్ మాత్రం మెయిల్లో వచ్చిన పెద్ద ఫైలు తెరిచేటప్పుడు ఇంకా కాస్త ఆలోచిస్తుంది, బయట్నుంచి వచ్చినదాన్ని చూడాల్సిందే కాబట్టి దాని జోలికి పోలేదు. యాంటీవైరస్‌కి రెండు స్టార్లు ఎందుకంటే వైరస్ పట్టడం దానికి వచ్చు, ఏప్రిల్‌లో ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టింది కూడా, కానీ ఆఫీసులో పని చేసుకునేవాళ్లుంటారన్న ధ్యాస లేకుండా సెట్టింగులు పెట్టారు, ఫోన్ చేస్తే చెప్పేవాడు లేడు. రెన్యూ చేయం. దీన్ని తీసేస్తే విండోస్‌లో ఉన్న డిఫెండర్ దానంతటదే ఆన్ అవుతుందట, మా అవసరానికి అది చాలంటున్నాడు, మార్చిలో చూడాలి. డిఫెండర్ అయినా టాలీ ఫోల్డర్ సంగతి ఒకసారి చూసుకోవాల్సిందేనట.

ర్యామ్ వెనక్కి తీసుకుంటారా అని ఆ అబ్బాయినే అడిగాను. "బిల్లుందా అక్కా?" అన్నాడు. బిల్లు ఓనర్ గారి దగ్గరుంది, ఆయన్ని ఇంకా అడగలేదు.