తంబోపాతా అడవి, దాని అంచున బంగారు గుంతలు

పెరూ ఆగ్నేయ మూలన ఉన్న మాద్రె దె దియోస్ ప్రాంతంలోని తంబోపాతా అడవికి వెళ్ళే యాత్రికుల్లో ఎక్కువమంది మకావ్ చిలుకల కోసం, రాక్షస నీటికుక్కల కోసం వెళతారు. ఆ అడవిని తొలిచేస్తున్న అక్రమ బంగారు తవ్వకాలను పక్కన పెట్టి అక్కడ బసను గాని, భోజనాన్ని గాని ఎంచుకోవడం సరికాదని నా అభిప్రాయం.

కూస్కో నగరం నుంచి ఈ ప్రాంతపు ముఖ్యపట్టణమైన ప్యూర్తో మాల్దొనాదోకు బస్సులో సుమారు 10 గంటలు, విమానంలో గంటలోపు పడుతుంది. ఖర్చు ఎక్కువైనా పగటి విమానమే మేలు. ఆకాశం తేటగా ఉంటే, ఎడతెగని పచ్చదనం మధ్య ఇసుక దిబ్బలు, వాటి నడుమ వందలాది పసుపు, ఆకుపచ్చ నీటి గుంతలు కనిపిస్తాయి. 2020 డిసెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగామి తీసిన చిత్రంలో ఎండకు మెరిసినవి ఈ ప్రాంతపు గుంతలే. బస్సు దారి అయిన ఇంటర్‌ఓషియానిక్ రహదారి, అక్రమ తవ్వకాలకు కేంద్రమైన లా పాంపా పక్క నుంచే వెళుతుంది. అక్కడ దిగడం క్షేమం కాదు. గుంతలను దగ్గరగా చూపిస్తానని పట్టణంలో ఒక ఏజెంటు ముందుకు వచ్చాడు, నేను ఒప్పుకోలేదు. నేరముఠాల చేతుల్లో నలిగిన చోటును వినోదయాత్రగా మార్చకూడదు.

అక్కడ జరిగేది ఇది. చెట్లు నరికి, గొట్టాలతో నీటిని బలంగా చిమ్మి నేలను బురదగా కరిగిస్తారు; ఆ బురదను పంపులతో తోడి, తివాచీ పరచిన ఏటవాలు బల్లల మీదుగా పారిస్తారు; అడుగున చేరిన బరువైన ఇసుకలో పాదరసం కలిపితే బంగారు రేణువులు దానికి అంటుకుంటాయి. ఆ ముద్దను కాల్చినప్పుడు పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది, మిగిలినది వాగుల పాలవుతుంది. 1985 నుంచి 2017 వరకు ఈ ప్రాంతంలో సుమారు 96 వేల హెక్టార్ల అడవి ఇలా పోయిందని అక్కడి పరిశోధకులు లెక్కకట్టారు. పైమట్టి కొట్టుకుపోయి ఇసుకే మిగిలిన చోట అడవి తనంతట తాను తిరిగి మొలవడం ఎంతో కష్టం. 2019 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆపరేషన్ మెర్క్యురీ పేరుతో సైన్యాన్ని, పోలీసులను దింపి లా పాంపాను ఖాళీ చేయించింది. అయితే తవ్వకాలు పూర్తిగా ఆగలేదు, చాలామంది వేరే వాగుల వెంట యంత్రాలు దించారు.

పట్టణంలో నేను దిగిన అతిథిగృహం శుభ్రంగానే ఉంది, మోటారు రిక్షాల రొద మాత్రం అర్ధరాత్రి దాకా సాగింది. ఒక రాత్రికి మించి ఉండవలసిన పని లేదు. ఆలోచించవలసింది భోజనం గురించే. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో పట్టణంలో పరీక్షించిన పెద్దల్లో 78 శాతం మంది వెంట్రుకల్లో పాదరసం సురక్షిత పరిమితిని దాటి ఉంది. 2016లో ప్రభుత్వం ఈ కారణంగానే అత్యవసర పరిస్థితి ప్రకటించింది. నీటిలోని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది చిన్న చేపల నుంచి వాటిని తినే పెద్ద చేపల్లోకి పేరుకుంటుంది. కాబట్టి ఇతర చేపలను తినే నదిచేపలను వదిలి, చెరువుల్లో పెంచిన పాకో చేపను అడిగి తీసుకోవడం మంచిది. యాత్రికుడికి ఇది కొద్దిపాటి జాగ్రత్త, నదినే నమ్ముకున్న ఆదివాసీ కుటుంబాలకు ఆ వెసులుబాటు లేదు.

సందోవాల్ సరస్సుకు ఒక రోజు చాలు. పడవ దిగాక బురదదారిలో నడక ఉంటుంది, మోకాలి బూట్లు తప్పనిసరి. సరస్సులో మోటారు పడవలను అనుమతించరు. తెడ్డు పడవలో నిశ్శబ్దంగా సాగడం వల్లనే నీటికుక్కలు దగ్గరగా కనిపించాయి.

బసల్లో నాకు బాగా నచ్చింది తంబోపాతా నది ఒడ్డున ఉన్న పోసాదా అమెజోనాస్. ఒక పర్యాటక సంస్థకు, ఇన్‌ఫియెర్నో గ్రామ ప్రజలకు మధ్య 1996లో కుదిరిన ఒప్పందం ప్రకారం లాభాల్లో 60 శాతం ఆ గ్రామానికే చేరుతూ వచ్చింది. గదికి అడవివైపు గోడ ఉండదు, దోమతెర ఉంటుంది. ఏకాంతం, చల్లగాలి యంత్రం కోరేవారికి ఇది నప్పదు. నిలిచి ఉన్న అడవి నుంచే ఒక గ్రామానికి రాబడి వచ్చే ఏర్పాటు ఇది. అందుకే పట్టణపు చవక ప్యాకేజీల కంటే దీనికి ఎక్కువ చెల్లించడం న్యాయమనిపించింది.

అయితే ఎంత చక్కని విడిది అయినా గాలిని ఆపలేదు. 2022లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, గనుల దగ్గరున్న లోస్ అమిగోస్ రక్షిత అడవిలో ఆకులు గాలిలోని పాదరసాన్ని పట్టుకుంటున్నాయని, వానతో, రాలిన ఆకులతో అది నేలకు చేరుతోందని, అక్కడి పక్షుల్లోనూ అది ఎక్కువగా ఉందని తేలింది. చెట్లు దట్టంగా ఉన్నచోటే విషం ఎక్కువగా దిగడం ఈ యాత్రలో నన్ను అన్నిటికంటే కలచివేసిన విషయం.

వెళ్ళదలచినవారికి మే నుంచి అక్టోబరు వరకు ఉండే పొడికాలం అనుకూలం. బ్రెజిల్ నట్ కాయలు రాలే కాలం మాత్రం వానల్లోనే వస్తుంది. బురదకు సిద్ధపడి ఆ నెలల్లో వెళ్ళగలిగితే, వాటిని ఏరుకునే కుటుంబాల వెంట అడవిలో ఒక రోజు నడిచి, కాయలు వారి దగ్గరే కొనండి.